యువక్రీడాకారుల గుండె పరీక్ష : పూర్వోత్తరములు

1911వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున మారథాన్ పరుగుపందెము జరిగెను. పందెమునకు ముందు వైద్యులు పోటీదారుల గుండెలను పరీక్షించిరి. వారిలో క్లారెన్స్ డిమార్ అను 22 ఏండ్ల యువకు డొకడు. అచ్చుకూటములో పనిచేయువాడు. అతని ఱొమ్ముపై స్టెతస్కోపు నుంచిన వైద్యునకు గుండె చప్పుడుతో పాటు మఱియొక సన్నని రొద వినబడెను. గుండెలో దోషమున్నదనియు, అలసట తోచినచో వెంటనే పరుగు మానవలెననియు, ఇదియే అతని కడపటి పందెము కావలెననియు వైద్యుడు చెప్పెను. డిమార్ పరుగెత్తెను, అందఱికంటె ముందు గమ్యము చేరెను.

అయినను ఆ మాట అతనిని వదలలేదు. మఱుసటి సంవత్సరము ఒలింపిక్ క్రీడలలో పాల్గొనిన పిమ్మట, ఇతర కారణములతో పాటు ఈ హెచ్చరికయు మనసులో నుండుటచే, అతడు కొన్ని సంవత్సరములు పెద్ద పందెములకు దూరముగ నుండెను. తరువాత మరల వచ్చి 1922, 1923, 1924, 1927, 1928, 1930 సంవత్సరములలో అదే బోస్టన్ పందెమును గెలిచెను. కడపటిసారి గెలిచినప్పుడు అతనికి 41 ఏండ్లు. ఇంచుమించు అర్ధశతాబ్దము పరుగెత్తి, 1958లో క్యాన్సర్ వ్యాధితో మరణించెను. అతని గుండెను పరీక్షించిన కరెన్స్, పాల్ డడ్లీ వైట్ అను వైద్యులు 1961లో తమ ఫలితములను ప్రకటించిరి. గుండెకు రక్తము నందించు నాళములు సామాన్యుల నాళములకన్న రెండు మూడింతలు వెడల్పుగ నుండెను. 1911లో వైద్యుడు భయపడిన దోషము ఆ మనిషి ప్రాణమునకు ఏనాడును అడ్డు రాలేదు.

ఇది ఒక ప్రక్క. రెండవ ప్రక్కను చూడవలెనన్న 2003వ సంవత్సరము జూన్ 26వ తేదీకి రావలెను. ఫ్రాన్సు దేశములోని లియాన్ నగరమున కామెరూన్, కొలంబియా జట్లు ఫుట్‌బాల్ ఆడుచుండెను. 72వ నిమిషమున కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే, ప్రక్కన ఎవరును లేకుండగనే, మైదానము నడుమ కూలిపోయెను. వైద్యులు ఎంత ప్రయత్నించినను అతడు బ్రదుకలేదు. వయస్సు 28 ఏండ్లు. గుండె కండరము అసహజముగ మందమగు జబ్బు అతనికి కలదని మరణానంతర పరీక్షలో తేలెను.

ఒకనికి లేని జబ్బును ఉన్నదనిరి. మఱియొకనికి ఉన్న జబ్బు ప్రాణము తీయువఱకు దాగియుండెను. యువక్రీడాకారుల గుండె పరీక్ష చరిత్ర యంతయు ఈ రెండు పొరపాట్ల నడుమ నడచినది. ఒకదానిని తప్పించుకొనబోయిన ప్రతి సారియు రెండవదానిలో కాలు పడుచు వచ్చినది.

గుండెలో నాలుగు గదులు, నాలుగు కవాటములు కలవని ఉన్నత పాఠశాల విద్యార్థు లెఱుగుదురు. కర్ణికలకును జఠరికలకును నడుమ రెండు కవాటములు. జఠరికల నుండి రక్తము వెలువడు ద్వారములవద్ద రెండు. ఇవి ఒకవైపునకే తెఱచుకొను తలుపులు. వీనిని తెఱచుటకు గాని మూయుటకు గాని ప్రత్యేకముగ కండరము లేవియు లేవు. రక్తపు ఒత్తిడియే వీనిని త్రోయును. విశ్రాంతిగ కూర్చున్న మనిషి గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును పంపును. పరుగెత్తునప్పుడు అది 20 లీటర్లు దాటును. బాగుగ సాధన చేసినవారిలో 30 లీటర్లకు మించుటయు కలదు. అనగా, అదే తలుపుగుండ ఐదారు రెట్ల రక్తము పోవలెను. తలుపు సరిగ తెఱచుకొననిచో ఎదురగు కష్టమును, సరిగ మూసుకొననిచో కలుగు నష్టమును ఆటస్థలముననే ముందుగ బయటపడుటకు కారణ మిదియే.

కవాటము మూసుకొను తీరును మొట్టమొదట నిశితముగ చూచినవాడు వైద్యుడు కాడు, చిత్రకారుడు. లియొనార్డో డావించి ఎద్దు గుండెలను కోసి చూచి, 1513 ప్రాంతమున బృహద్ధమని మొదలు ఎట్లుండునో అట్టి గాజు నమూనాను గూర్చి ఆలోచించి, దానిలో నీటిని ప్రవహింపజేసి అందు గడ్డిగింజలు వేసిన అవి సుడులు తిరుగుట కనబడునని వ్రాసెను. కవాటపు రేకుల వెనుకనున్న ఉబ్బులలో రక్తము సుడి తిరుగుననియు, ఆ సుడియే రేకులను మూతవైపు త్రోయుననియు అతని అభిప్రాయము. ఈ వ్రాతలు ఎవరి కంటను పడక చిరకాలము మఱుగున నుండెను. ఇరువదవ శతాబ్దమున ఇంజనీర్లు నమూనాలు నిర్మించి చూచినప్పుడు ఆ సుడులు నిజమేనని తేలెను. రక్తము శరీరమున చుట్టివచ్చునని, కవాటములు ఉన్నది దాని త్రోవను ఒకే దిక్కుగ నిలుపుటకేనని లోకమునకు చెప్పిన గ్రంథము మాత్రము విలియం హార్వేది. అది 1628లో వెలువడెను.

జీవించియున్న మనిషి కవాటము సంగతి తెలియుటకు చెవి కావలసి వచ్చెను. 1816లో పారిసులోని నెక్కర్ వైద్యశాలలో రెనే లెనెక్, ఒక యువతి ఱొమ్ముపై చెవి నానించుటకు సంకోచించి, కాగితపు దస్తాను గొట్టముగ చుట్టి దాని కొనకు చెవి నుంచెను. నేరుగ చెవి పెట్టినదానికన్న స్పష్టముగ గుండె చప్పుడు వినబడెను. స్టెతస్కోపు పుట్టినది అట్లు. 1819లో అతడు తన గ్రంథమును ప్రకటించెను. చప్పుడుల నడుమ వినబడు మర్మర ధ్వనిని వైద్యులు ఆ తరువాత కవాటముల దోషములతో ముడిపెట్టి, ఏ చోట, ఏ క్షణమున వినబడిన ధ్వని ఏ కవాటమునకు చెందినదో ఒక్కొక్కటిగ నిర్ణయించిరి. 1832లో డబ్లినులో కారిగన్, బృహద్ధమని కవాటము సరిగ మూయక రక్తము వెనుకకు కారు జబ్బును విపులముగ వర్ణించెను.

చిక్కు ఇక్కడనే ఆరంభమైనది. వైద్యులు శవములలో చూచినది చెడిన కవాటములను. ఆ రోగులలో బ్రదికియుండగ విన్నది మర్మర ధ్వనిని. కాబట్టి మర్మర మున్నచో కవాటము చెడినదే యనుకొనిరి. ఆరోగ్యవంతుల గుండెలను ఎవరును విని యుండలేదు. ఆరోగ్యవంతుడు వైద్యశాలకు ఏల వచ్చును? కాలువలో నీరు మెల్లగ సాగునప్పుడు చప్పుడుండదు. తూము దగ్గఱ వేగము పెరుగగనే రొద చేయును. తూములో లోపమేమియు లేదు. అట్లే, బలముగ కొట్టుకొను లేత గుండె నుండి వేగముగ వెలువడు రక్తము కూడ మర్మరము చేయవచ్చును. పెరుగు వయస్సులో నున్న పిల్లలలో ఇట్టి నిర్దోషమగు ధ్వని తఱచుగ వినబడును. డిమార్ విషయమున వైద్యుడు విన్నది ఇట్టిదే కావచ్చును.

క్రీడ గుండెకు చేటా మేలా యను వివాదము అంతకు చాల ముందే ఇంగ్లండులో రేగినది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయముల విద్యార్థులకు థేమ్సు నదిపై జరుగు పడవ పందెము యువకుల ఆయుష్షును హరించుచున్నదని స్కే అను శస్త్రవైద్యుడు 1867లో టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసెను. తానును ఒకప్పుడు తెడ్డు వేసినవాడే యైన జాన్ మోర్గన్ అను వైద్యుడు దీనికి మాటలతో బదులు చెప్పక లెక్కలతో చెప్పదలచెను. 1829 మొదలు 1869 వఱకు పందెములో పాల్గొనిన 294 మంది సంగతులను ఉత్తరముల ద్వారా సేకరించి 1873లో గ్రంథముగ ప్రకటించెను. వారు సగటు మనుష్యులకన్న సుమారు రెండేండ్లు ఎక్కువగనే జీవించుచున్నారని తేలెను. సంపన్నుల బిడ్డలను సామాన్య జనముతో పోల్చుట సరియా యని ఈనాటి విద్యార్థి అడుగవచ్చును; అడుగవలెను కూడ. కాని ఎవరి అనుభవము వారు చెప్పుకొను కాలమున ఒక వైద్యుడు జాబితా పట్టుకొని లెక్కించుట సామాన్యమైన పని కాదు.

1899లో స్వీడను దేశపు వైద్యుడు హెన్షెన్, మంచుపై జారుడు పందెములలో పాల్గొనువారి ఱొమ్ములపై వ్రేళ్ళతో తట్టి, ఆ ధ్వని భేదమునుబట్టి గుండె సరిహద్దులను గుర్తించెను. వారి గుండెలు పెద్దవిగ నుండెను. పెరిగిన గుండె రోగపు గుండె కాదనియు, ఎక్కువ పని చేయుటకు తగినట్లు పెరిగినదనియు అతడు భావించెను. అదే సంవత్సరము అమెరికాలో డార్లింగ్, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పడవ జట్టులో ఇట్టి ఫలితమునే చూచెను. క్రీడాకారుని గుండె వేఱని తెలిసినది. అది ఎంతవఱకు పెరిగిన సహజము, ఎక్కడ నుండి రోగము అనునది మాత్రము తెలియలేదు. నూఱేండ్లు దాటినను ఆ సరిహద్దు కొందఱి విషయమున నేటికిని సందిగ్ధమే.

చెవి చేసిన పొరపాటును సరిదిద్దుటకు పూనుకొన్నవాడు జేమ్స్ మెకంజీ. బర్న్‌లీ యను మిల్లుల పట్టణమున సామాన్య వైద్యుడుగ నుండుటచే, ఒకే మనిషిని ఏండ్ల తరబడి చూచు అవకాశ మతనికి కలిగెను. మర్మరమున్న బాలుడు పెద్దవాడై, పెండ్లాడి, మిల్లులో బరువు పనులు చేయుచు సుఖముగ నుండుట అతడు కన్నులార చూచెను. నాడిని కాగితముపై గీయు పరికరమును సమకూర్చుకొని, క్రమము తప్పిన నాడులను విడదీసి 1902లో గ్రంథము వ్రాసెను. పిల్లలలో శ్వాసతో పాటు నాడి వేగము మాఱుట రోగము కాదని తేల్చినవారిలో అతడు ముఖ్యుడు. దీనిని ఏ విద్యార్థియైనను పరీక్షింపవచ్చును: మణికట్టు వద్ద నాడిని పట్టుకొని మెల్లగ దీర్ఘశ్వాస తీసిన నాడి త్వరపడును, విడిచినప్పుడు మందగించును. ఇంత మాత్రమునకే ఒకప్పుడు పిల్లలను ఆటలు మాన్పించి మంచమున పరుండబెట్టుచుండిరి!

మొదటి ప్రపంచ యుద్ధమున ఈ విషయము బ్రిటిషు ప్రభుత్వమునకే సమస్య యయ్యెను. గుండె జబ్బు పేరిట వేలకొలది సైనికులు విధులనుండి తప్పింపబడుచుండిరి. 1916లో హాంప్‌స్టెడ్ సైనిక వైద్యశాలలో మెకంజీ, ఆస్లర్, ఆల్బట్, థామస్ లూయిస్ వారిని పరీక్షింప మొదలిడిరి. పెక్కుమందికి గుండెలో ఏ దోషమును లేదని కనుగొనిరి. ధ్వనిని విని తీర్పు చెప్పవలదనియు, మనిషి ఎంత శ్రమకు ఓర్చుకొనునో చూడవలెననియు వారి బోధ.

అయితే మంచి బోధకును అతి కలదు. కవాటము ముఖ్యము కాదు, కండరమే ముఖ్యమను మాట వైద్యలోకమున వేళ్ళూనినది. 1925లో లండనులో హెన్రీ సౌటర్, కీళ్ళవాత జ్వరముచే బిగిసిన ద్విపత్ర కవాటమును ఒక బాలిక గుండెలోనికి వ్రేలు పోనిచ్చి వెడల్పు చేసెను. ఆమె కోలుకొని కొన్నేండ్లు జీవించెను. కాని ఇతర వైద్యులు సౌటర్ వద్దకు మఱియొక రోగిని పంపలేదు. కవాటము బాగుచేసి ప్రయోజనమేమి యని వారి తలంపు. మరల 1948లో బెయిలీ, హార్కెన్, బ్రాక్ పూనుకొనువఱకు ఆ చికిత్స మూలబడి యుండెను. ఆరోగ్యవంతులను కాపాడిన సిద్ధాంతమే రోగులకు ఇరువది మూడేండ్లు అడ్డుపడినది.

ఇక గుండె లయ సంగతి. గుండె కొట్టుకొనుటకు ముందు దానిలో సూక్ష్మమైన విద్యుత్తు పుట్టి, పై భాగము నుండి క్రిందికి ప్రాకును. 1887లో లండనులో ఆగస్టస్ వాలర్, మనిషి శరీరముపై నుండియే ఈ విద్యుత్తును గుర్తించెను. జిమ్మీ యను తన బుల్‌డాగు కాళ్ళను ఉప్పునీటి పాత్రలలో నిలిపి సభలలో ఈ ప్రయోగమును చూపుచుండెను. కుక్కను హింసించుచున్నారని పార్లమెంటులో ప్రశ్న కూడ పుట్టినది! హాలెండులోని లైడెన్ నగరమున విల్లెం ఐంథోవెన్, వెండి పూసిన సన్నని స్ఫటికపు తీగను అయస్కాంతముల నడుమ వ్రేలాడదీసి, ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో స్పష్టమైన విద్యుత్ హృల్లేఖలను సాధించెను. ఇప్పుడు ఇ.సి.జి. యని అందఱును పిలుచునది ఇదియే. పి, క్యు, ఆర్, ఎస్, టి అను అలల పేర్లు అతడు పెట్టినవే. అతని యంత్రము బరువు సుమారు 270 కిలోగ్రాములు. నడుపుటకు ఐదుగురు కావలెను. వైద్యశాలకు మోసికొనిపోవుట కుదరక, 1905లో కిలోమీటరున్నర దూరము తీగలు లాగి, అక్కడి మనుష్యుల గుండెల లేఖలను ప్రయోగశాలలో గీసెను. మొదటిసారి అట్లు గీసినది రోగి గుండెను కాదు. ప్రయోగశాల నుండి వైద్యశాలకు సైకిలుపై పోయిన ఒక దృఢకాయుని గుండెను. అతని ఆర్ అలలు ఎత్తుగ నుండుటకు ఆ సైకిలు సవారియే కారణమని భావించిరి. ఆరోగ్యవంతుని లేఖలో కూడ వింతలుండునని ఆనాడే కొంత సూచన దొరికినదన్నమాట. 1924లో ఐంథోవెనునకు నోబెల్ బహుమతి లభించెను.

చెవికి అందని జబ్బులు ఈ లేఖలో పట్టుబడసాగినవి. 1930లో ఉల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనువారు గుండెలో విద్యుత్తునకు అడ్డదారి యొకటి యుండుటచే యువకులలో గుండె హఠాత్తుగ వేగమందుకొను స్థితిని వర్ణించిరి. 1957లో నార్వే దేశమున యెర్వెల్, లాంగె నీల్సెన్ ఒక కుటుంబములోని పుట్టుచెవిటి పిల్లలలో క్యు నుండి టి వఱకు గల కాలము ఎక్కువగ నుండుటను, వారు మూర్ఛిల్లుటను, అందు కొందఱు హఠాత్తుగ మరణించుటను గమనించిరి. 1958లో లండనులో డొనాల్డ్ టియర్, హఠాత్తుగ మరణించిన కొందఱు యువకుల శవములలో గుండె గదుల నడిమి గోడ ఒక ప్రక్క విపరీతముగ మందమైయుండుట చూచెను. నలుబది యైదేండ్ల పిమ్మట ఫోయే ప్రాణము తీసిన జబ్బు ఇదియే. ఈ మూడింటిలోను కవాటములు చక్కగ నుండవచ్చును. స్టెతస్కోపునకు ఏమియు వినబడకపోవచ్చును.

అట్లయిన ఆటగాండ్ర కందఱికిని ఇ.సి.జి. తీసిన పోలేదా? ఈ పనిని చట్టముగ చేసిన దేశము ఇటలీ. అక్కడ 1971లో క్రీడాకారుల ఆరోగ్య పరిరక్షణకు చట్టము చేసిరి. 1982 నాటి ఉత్తరువుతో పోటీ క్రీడలలో పాల్గొనువారికి ఇ.సి.జి.తో కూడిన పరీక్ష తప్పనిసరి యయ్యెను. సంతకము చేసిన వైద్యుడు చట్టమునకు బాధ్యుడు. వెనెటో ప్రాంతములోని పాడువా నగరపు వైద్యులు హఠాత్తుగ మరణించిన యువకుల గుండెలను ఒక్కటియు విడువక పరీక్షించుట ప్రారంభించిరి. కుడి జఠరిక కండరము క్షీణించి దాని స్థానమున క్రొవ్వు, నారపదార్థము చేరు జబ్బు ఆ ప్రాంతపు యువకుల మరణములకు ఒక ముఖ్య కారణమని గెయెటానో తియెనె మొదలగువారు 1988లో ప్రకటించిరి.

2006లో వారు వెల్లడించిన లెక్క ప్రపంచమును ఆకర్షించినది. 1979, 1980 సంవత్సరములలో లక్ష మంది క్రీడాకారులకు ఏటా 3.6 హఠాన్మరణములు, 2003, 2004 నాటికి అవి 0.4కు దిగినవి. పరీక్షకు రాని సాధారణ యువకులలో అట్టి మార్పు కనబడలేదు. పాడువా కేంద్రములో 1982 మొదలు 2004 వఱకు 42,386 మందిని పరీక్షింపగ, నూటికి సుమారు 9 మందికి మఱికొన్ని పరీక్షలు చేయవలసి వచ్చెను. తుదకు నూటికి ఇద్దఱికి పోటీలు నిషేధింపబడెను. అంతకు ముందు 1998లో ప్రకటించిన పట్టికను చూచినచో, గుండె కారణమున నిషేధింపబడినవారిలో లయ దోషములవారు అందఱికంటె ఎక్కువ. కవాట దోషములవారు ఇంచుమించు ఐదింట ఒకరు.

ఈ ఫలితము చూచి ఇతర దేశములు వెంటనే అనుసరింపవలసినది గదా! కాని సందేహము లున్నవి. ఇస్రాయిల్ దేశమున 1997 నుండి ఇట్టి చట్టమే అమలైనది. చట్టమునకు ముందు లక్షకు 2.54, తరువాత 2.66 అని 2011లో అచటి పరిశోధకులు ప్రకటించిరి. అనగా మార్పు లేదు. అయితే వారు మరణములను వార్తాపత్రికల నుండి ఏరి లెక్కించిరి. ఇ.సి.జి. తప్పనిసరి కాని అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున మరణముల రేటు, ఇటీవలి వెనెటో రేటుతో ఇంచుమించు సమానముగనే యున్నదని 2009లో మఱియొక పరిశీలన చెప్పెను. ఇటలీ లెక్క చట్టము వలన వచ్చిన మేలా, లేక ఆరంభపు రెండు మూడేండ్ల సంఖ్య యాదృచ్ఛికముగ ఎక్కువై యుండెనా? పరీక్ష చేసినవారిని, చేయనివారిని చీట్లువేసి విభజించి పోల్చిన ప్రయోగము జరుగలేదు. వెనెటో వైద్యుల శ్రద్ధను మెచ్చుకొనక తప్పదు. ఆ ఒక్క లెక్కతో వివాదము తీఱినదనుట మాత్రము తొందరపాటు.

గణితము నేర్పు ఉపాధ్యాయులకు ఇక్కడ మంచి ఉదాహరణ కలదు. ఒక జిల్లాలో 10,000 మంది విద్యార్థు లున్నారనుకొందము. వారిలో 30 మందికి నిజముగ ప్రమాదకరమగు దోషము కలదనుకొందము. పరీక్ష ఆ 30 మందిని పట్టుకొనును గాని, ఆరోగ్యవంతులలో కూడ నూటికి ఐదుగురిని అనుమానించుననుకొందము. అప్పుడు అనుమానితులు సుమారు 530 మంది. వారిలో 500 మందికి ఏ జబ్బును లేదు. ఇవి లెక్క కొఱకు తీసికొన్న సంఖ్యలే. కాని ఆ ఐదు వందల ఇండ్లలో తల్లిదండ్రులు నిద్రలేక గడుపు రాత్రులను ఏ పట్టికలోను చేర్చరు.

క్రొత్త సాధనము ఈ పొరపాటును ఎంత దూరము తీసికొనిపోగలదో ద్విపత్ర కవాటమే చూపినది. 1953లో స్వీడనులోని లుండ్ నగరమున ఎడ్లర్, హెర్ట్స్ అనువారు, ఓడలకు లోహపు పలకలలోని పగుళ్ళను వెదకు అతిధ్వని యంత్రమును తెచ్చి, గుండె గోడల, కవాటముల కదలికను పరదాపై చూచిరి. నేటి ఎకో పరీక్షకు అది నాంది. 1963లో దక్షిణాఫ్రికాలోని జొహెన్నెస్‌బర్గ్ నగరమున జాన్ బార్లో, గుండె ముడుచుకొను నడుమ వినబడు ఒక చిన్న చిటుక్కు శబ్దమును, దాని వెంట వచ్చు మర్మరమును పరిశీలించి, అవి ద్విపత్ర కవాటపు రేకు కర్ణికలోనికి ఉబ్బి రక్తము వెనుకకు కారుటచే కలుగునవని చూపెను. అంతకు ముందు ఆ శబ్దము గుండె వెలుపల నుండి వచ్చునని వైద్యుల నమ్మకము. 1970ల నాటికి ఎకో యంత్రములు వ్యాపించెను. వెదకిన చోటనెల్ల ఉబ్బిన కవాటమే! 1976 నాటి ఒక పరీక్షలో ఆరోగ్యవతులైన 100 మంది యువతులలో 21 మందికి ఈ దోషము కలదని తేలెను. ఇందఱికి జబ్బుండుట సాధ్యమా?

1980ల చివరలో బోస్టన్ వైద్యుడు రాబర్ట్ లెవీన్ కారణమును కనుగొనెను. ద్విపత్ర కవాటపు అంచు, గాజు వలె ఒకే తలమున నుండునది కాదు. గుఱ్ఱపు జీను వలె రెండు వైపుల ఎత్తుగ, రెండు వైపుల పల్లముగ నుండును. పల్లపు వైపునుండి కొలిచిన, సహజమగు రేకు కూడ అంచుకు పైకి ఉబ్బినట్లే కనబడును. కొలత మార్చి ఫ్రామింగ్‌హామ్ పట్టణమున మరల లెక్కింపగ నూటికి 2.4 మంది మాత్రమే మిగిలిరి. ఈ సంగతి 1999లో ప్రకటింపబడెను. జబ్బు తగ్గలేదు, జ్యామితి సరిపడినది. అయినను ఉబ్బిన కవాట మెప్పుడును హానిచేయనిదని కాదు. హఠాత్తుగ మరణించిన 650 మంది యువజనులలో 43 మందికి ఈ దోషమే కనబడినదని పాడువా వైద్యులు 2015లో తెలిపిరి. రేకులను పట్టియుంచు కండరములపై పదేపదే లాగుడు పడి అచట మచ్చలేర్పడుననియు, గుండె లయ తప్పుటకు అవి మూలమగుననియు వారి అభిప్రాయము. కవాటమును, లయయు రెండు వేఱు విషయములని పాఠ్యపుస్తకములలో విడివిడిగ చెప్పుదురు గాని ఇచట రెండును ఒకే కథ.

పరీక్ష ఫలించినప్పుడు ఎట్లుండునో నైజీరియా ఆటగాడు న్వాంక్వో కానూ చరిత్ర చెప్పును. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో తన దేశపు ఫుట్‌బాల్ జట్టునకు నాయకుడై స్వర్ణపతకము గెలిచిన కానూ, ఇటలీలోని ఇంటర్ మిలాన్ జట్టులో చేరెను. చేరునప్పుడు జరిగిన పరీక్షలో అతని బృహద్ధమని కవాటము సరిగ మూసుకొనుట లేదని బయటపడెను. అతని ఆట ముగిసినదని చాలమంది తలచిరి. ఆ సంవత్సరము నవంబరులో అమెరికాలో శస్త్రచికిత్స జరిగెను. 1997లో మరల మైదానమునకు వచ్చి, పిదప ఇంగ్లండులోని ఆర్సెనల్ జట్టున చాలకాల మాడెను. గుండె జబ్బు గల ఆఫ్రికా పిల్లల చికిత్సకై తన పేర ఒక సంస్థను 2000లో నెలకొల్పెను.

మన దేశపు సమస్య కొంత భిన్నము. ఇచట పిల్లల కవాటములను చెఱచు ముఖ్యమైన జబ్బు కీళ్ళవాత జ్వరము. గొంతునొప్పి కలిగించు ఒక జాతి సూక్ష్మజీవులపై శరీరము చేయు పోరాటము దారితప్పి కవాటముల మీదికే వచ్చును. గొంతునొప్పికి సకాలమున పెన్సిలిన్ ఇచ్చిన దీనిని నివారింపవచ్చును. చెడిన కవాటమునకు బదులుగ అమర్చు విదేశీ కవాటముల వెల భరింపరానిదై యుండగ, తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో వలియత్తాన్ నాయకత్వమున తయారైన కవాటమును 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చిరి. పాఠశాలలలో గుండె పరీక్షను దేశవ్యాప్తముగ చేయు జపాను కూడ 1973లో దీనిని ఆరంభించినది కీళ్ళవాత జబ్బును, పుట్టుకతో వచ్చు లోపములను పట్టుకొనుటకే, ఇ.సి.జి. తప్పనిసరి యైనది 1990లలో.

ఇక ఇంగ్లండు. అచటి ఫుట్‌బాల్ సంఘము 1996 నుండి 2016 వఱకు 11,168 మంది బాల ఆటగాండ్రకు ఇ.సి.జి., ఎకో రెండును చేయించెను. వారి సగటు వయస్సు సుమారు 16 ఏండ్లు. 42 మందికి ప్రాణాపాయకరమగు జబ్బులు బయటపడెను. ఇంతవఱకు సంతోషమే. కాని తరువాతి సంవత్సరములలో గుండె జబ్బుచే మరణించిన ఎనిమిది మందిలో ఆరుగురి పరీక్ష పూర్తిగ సహజముగ నుండెనని 2018లో ప్రకటించిన ఫలితములు తెలిపెను. పరీక్షకును మరణమునకును నడుమ సగటున 6.8 సంవత్సరములు గడచెను. కండరపు జబ్బులలో కొన్ని పదునాఱవ ఏట కనబడక, ఇరువదవ ఏట పైకి వచ్చును. ఒకసారి తీసిన లేఖ ఆనాటి గుండెను గూర్చి మాత్రమే చెప్పును.

లేఖను చదువుటయు మాఱినది. సాధన చేసిన గుండె మెల్లగ కొట్టుకొనును. నిమిషమునకు 40 సార్లు కొట్టుకొనువారును కలరు. అలలు ఎత్తుగ నుండును. ఆఫ్రికా సంతతి క్రీడాకారులలో టి అల కొన్ని చోట్ల తలక్రిందై యుండుట సహజమేనని తెలియుటకు చాలకాలము పట్టెను. ప్రమాణములను పలుమార్లు సవరించి 2017లో అంతర్జాతీయముగ ఒక ఒప్పందమునకు వచ్చిరి. దానివలన వృథా అనుమానములు చాల తగ్గినవి. వీనితో పాటు పైసా ఖర్చులేని ప్రశ్నలు కూడ పరీక్షలో భాగమే: ఆడుచుండగ ఎప్పుడైన స్పృహ తప్పెనా? ఱొమ్ములో నొప్పి కలిగెనా? కుటుంబమున ఎవరైన చిన్నవయస్సులో హఠాత్తుగ చనిపోయిరా? ఎండలో నిలువబడి తూలుట వేఱు, పరుగెత్తుచుండగనే కూలుట వేఱు. రెండవది జరిగిన బాలుని వైద్యునకు చూపువఱకు ఆటకు పంపరాదు.

2021వ సంవత్సరము జూన్ 12వ తేదీన కోపెన్‌హాగెన్ నగరమున డెన్మార్కు, ఫిన్లండు జట్లు ఆడుచుండగ క్రిస్టియన్ ఎరిక్సెన్ కుప్పకూలెను. అతడు అప్పటికి ఇటలీలోని ఇంటర్ మిలాన్ ఆటగాడు. ఆ దేశపు కఠినమైన పరీక్షలలో నెగ్గినవాడు. గుండె ఆగినది. తోటి ఆటగాండ్రు చుట్టును నిలిచి కనుమఱుగు చేయగ, వైద్యులు ఱొమ్మును అదిమి, విద్యుద్ఘాత మిచ్చి బ్రదికించిరి. తరువాత లయ తప్పినచో తానే సరిదిద్దు చిన్న యంత్రమును అతని శరీరమున అమర్చిరి. అట్టి యంత్రము ధరించినవారిని ఇటలీ నియమములు పోటీలకు అనుమతింపవు. పాతికేండ్లకు ముందు కానూ దోషమును బయటపెట్టిన నియమములే ఇప్పుడు ఎరిక్సెనును ఆ దేశము విడుచునట్లు చేసినవి. 2022 జనవరిలో అతడు ఇంగ్లండులోని బ్రెంట్‌ఫోర్డ్ జట్టులో చేరెను. 2024 జూన్ 16వ తేదీన జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున స్లొవీనియా జట్టుపై, గుండె ప్రక్కన ఆ యంత్రముతోనే, డెన్మార్కు పక్షమున గోలు చేసెను.